మొదటి వాన మనమే కురిపిద్దాం

హుజూర్‌నగర్ దాటి మేళ్లచెరువు, మఠంపల్లి వైపు మళ్ళితే రోడ్డంతా సిమెంటు లారీలదే. నల్లగొండ సున్నపురాయి సిమెంటై ఊళ్ళూ రాష్ట్రాలూ దాటిపోతుంది. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ సీమ నుంచి పోయేది మనుషులు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పిల్లాజెల్లాతో బయల్దేరే పాలమూరు లేబర్ చెయ్యి పడని పెద్ద కట్టడం ఈ దేశంలో తక్కువ. ఆనకట్టలు, కాలువలు, సొరంగాలు, ముంబయి అపార్టుమెంట్లు, హైదరాబాదు అద్దాల మేడలు, అన్నిట్లో వాళ్ళు మోసిన తట్టలున్నాయి. వానాకాలం మొదట్లో ఊరికి తిరిగొస్తారు. వచ్చిన వారానికే తొలకరి. ఇంట్లో బిందె ఒకచోట, బకెట్టు ఒకచోట, మూలకు తపేలా.

సిమెంటు ఇక్కడిది. చెయ్యి ఇక్కడిది. కప్పు మాత్రం కురుస్తోంది.

వాన తక్కువ కదా అని మనకో ధీమా. మహబూబ్‌నగర్ వైపు ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, నల్లగొండలో 700 పైచిలుకు. ఎండలు 45 డిగ్రీలు దాటే సీమలో ఇల్లు కట్టేవాడి బుర్రలో ఉండేది వేడి, బోరు, కరెంటు. వాన చిట్టచివర. అయితే మన వాన నెలంతా నెమ్మదిగా పడే కేరళ వాన కాదు. పడితే కుండపోత. 2020 అక్టోబరు 13న యాదాద్రి భువనగిరి పొలిమేరలోని ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు దాటింది. ఏడాది వానలో దాదాపు సగం. అలాంటి రోజు 600 చదరపు అడుగుల కప్పు మీద పడే నీళ్ళు పద్దెనిమిది వేల లీటర్లు.

ఆ నీటిని తట్టుకునే కప్పు ఎలా ఉండాలో మన పూర్వులకు తెలుసు. ఎలా కట్టాలో మన ఇంజనీర్లకూ తెలుసు. మధ్యలో జారిపోయింది ఒక్కటే పని: కట్టినదాన్ని వానకన్నా ముందే నీళ్ళతో పరీక్షించి చూడటం.

చౌడు చేసిన మేలు

గద్వాల, అలంపురం, నారాయణపేట ఊళ్ళ నడిబొడ్డున ఇప్పటికీ కొన్ని మట్టి మిద్దెలు నిలిచి ఉన్నాయి. బురదతో పేర్చిన మందపాటి రాతిగోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టె పరుపో బండ పరుపో, దానిపైన ఆకూ అలమూ, ఆపైన జానెడుకు మించిన మట్టి. అన్నిటికన్నా పైన చౌడు.

చౌడు నేలంటే రైతుకు ఏడుపు. అందులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు దేనికది విడిపోయి, మట్టిలోని సన్నటి సందులన్నిటినీ పూడ్చేస్తాయి. పొలంలో నీళ్ళు కిందికి ఇంకవు, పైరు చస్తుంది. కప్పుకు కావలసిందే అది! ఎందుకూ పనికిరాని నేల నుంచి బండ్లకెత్తుకొచ్చి ఇంటి నెత్తిన పరిచినవాళ్ళు ఏ ల్యాబులోనూ మట్టిని పరీక్ష చేయించలేదు. చేలో నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో చూశారు, అంతే.

మిద్దె కట్టి ఊరుకుంటే కుదిరేది కాదు. ఏటా వేసవి చివర చౌడు తోలించాలి, పరచాలి, తూము వైపు వాలు సరిచూడాలి, వెలుతురుకు కప్పులో వదిలిన గవాచి చుట్టూ కట్ట గట్టిచేయాలి. మొదటి వానకు ఇంట్లో ఎక్కడ చుక్క పడిందో ఒకరు కింద నుంచి అరుస్తుంటే, ఇంకొకరు పైకెక్కి అక్కడ తొక్కి, ఇంకో గంపెడు చౌడు గుమ్మరించేవాళ్ళు. తనిఖీ, మరమ్మతు అప్పటికప్పుడే జరిగిపోయేవి. ఇల్లు ఏడాదికోసారి పరీక్షకు కూర్చునేది.

మట్టి మిద్దెను పొగిడేవాళ్ళకు ఈ రోజుల్లో కరువు లేదు. ఏసీ గదిలో కూర్చుని పొగిడేవాళ్ళు మరీ ఎక్కువ. ఏటా కొత్త చౌడు వేస్తూ పాతది తీయకపోతే మందం పెరుగుతూ పోతుంది. అడుగు మందం మట్టి పొడిగా ఉన్నప్పుడే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు. తడిస్తే ఇంకా ఎక్కువ. కింద దూలానికి చెద పట్టిందో లేదో పైనుంచి కనిపించదు. ఇంటిల్లిపాదీ వలసపోతే చౌడు వేసేవాడే ఉండడు. 2024 జూలై మొదట్లో నాగర్‌కర్నూల్ మండలం వనపట్లలో రాత్రి వానకు మట్టి మిద్దె కూలి తల్లి, ముగ్గురు పిల్లలు నిద్రలోనే చనిపోయారు. ఏటేటా చేతి పని అడిగే కప్పుకు ఆ చెయ్యి అందకపోతే మిగిలేది బరువే. కాబట్టి పాత మిద్దెలోకి మళ్ళీ పోదామన్న మాట నేను అనను.

అలంపురం కప్పు చూశారా?

అలంపురం వెళ్ళినవాళ్ళు శిల్పాలు చూస్తారు, జోగులాంబను దర్శించుకుంటారు, తుంగభద్రను చూసి వెనుదిరుగుతారు. ఈసారి వెళ్తే నవబ్రహ్మ ఆలయాల పక్కకప్పులు చూడండి. బాదామి చాళుక్యుల కాలపు గుళ్ళవి, ఏడో ఎనిమిదో శతాబ్దాలవి. నడిమి మంటపం ఎత్తుగా, రెండు పక్కలా కప్పు వాలుగా దిగుతుంది. ఐహొళెలోని లాడ్‌ఖాన్ గుడిలో స్పష్టంగా కనిపించే పనితనం ఇదే: బండకూ బండకూ మధ్య సందు ఉంటే, ఆ సందు పొడవునా పైన ఒక సన్నటి రాతి పట్టె కూర్చోబెట్టారు. వాన నీళ్ళు సందులో దూరాలంటే ముందు పట్టె ఎక్కాలి. నీళ్ళకు దిగడమే తెలుసు. చివరన గోడకు దూరంగా ముందుకు వంగిన రాతి చూరు. జారిన నీళ్ళు గోడను తాకకుండా బయటే పడతాయి.

రాయి నీళ్ళు తాగదు, సందు తాగుతుంది. చాళుక్యుల స్థపతి ఆ సందు మీదే దృష్టి పెట్టాడు. మనం ఇవాళ బజారులో దొరికే వాటర్‌ప్రూఫ్ డబ్బాల మీద పెడుతున్నాం.

ఆ గుళ్ళకు అసలు గండం పైనుంచి రాలేదు. శ్రీశైలం జలాశయం వచ్చాక వెనుక నీళ్ళు అలంపురం అంచుదాకా పాకాయి, అడ్డుగోడ కట్టాల్సి వచ్చింది. మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. 2009 అక్టోబరు వరదల్లో అలంపురం మునిగింది. చూరు ఎంత పెట్టినా ఏరు వస్తే ఏం చేస్తుంది?

నీళ్ళకు మూడు కావాలి

గోడలోంచో కప్పులోంచో నీళ్ళు లోపలికి రావాలంటే మూడు కలవాలి. నీళ్ళు ఉండాలి, సందు ఉండాలి, ఆ నీళ్ళను సందులోకి నెట్టే బలం ఉండాలి. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా లీకు లేదు. కెనడా జాతీయ పరిశోధన మండలి తరఫున జి.కె. గార్డెన్ 1963లో రాసిన చిన్న వ్యాసం ఈ లెక్కను ప్రపంచమంతా వ్యాపింపజేసింది. నెట్టే బలాల్లో మొదటిది నీటి బరువే. గాలి ఒత్తిడి రెండోది. వెంట్రుకంత సందులో నీళ్ళు తమంతట తాము పాకడం మూడోది. చినుకు వచ్చే వేగం, సజ్జ కింది అంచును పట్టుకుని నీళ్ళు వెనక్కి గోడదాకా నడిచిపోవడం మిగిలినవి. సజ్జ అడుగున అంచుకు దగ్గరగా ఒక చిన్న గాడి తీస్తే ఆ నడక అక్కడే తెగి చుక్కై రాలుతుంది. ఖర్చు సున్నా. అయినా ఎన్ని ఇళ్ళకు ఆ గాడి ఉందో మీ వీధిలో లెక్కపెట్టి చూడండి.

సందులన్నీ మూసేయడం మనిషి వల్ల కాదు. ఈ సంగతి నాగార్జునసాగర్ దగ్గర బాగా తెలుస్తుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసి, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ నీళ్ళు వదిలిన ఆ రాతి ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. అంతెత్తు నీటిని ఆపే రాతికట్టడం కొంచెమైనా ఊరకుండా ఉండదు. అందుకే దాని కడుపులో గ్యాలరీలు పెట్టారు. ఊరిన నీళ్ళను వాటిలోకి రప్పించి బయటికి పంపేస్తారు. డ్యాం ఇంజనీరు ఊటే లేదని ఎప్పుడూ చెప్పడు. ఎంత వస్తోంది, పోయిన ఏటికన్నా పెరిగిందా, రంగు మారిందా అని చూస్తాడు. నేటి అద్దాల మేడల గోడల్లోనూ ఇదే తెలివి ఉంది. బయటి పొర దాటి కొన్ని చుక్కలు వస్తాయని ముందే ఒప్పుకుని, లోపల ఖాళీ వదిలి, కింద దారి పెట్టి, అవి బయటికే పోయేలా చూస్తారు.

ఈ తెలివి మరిచిన ఊరు వాంకోవర్. కెనడా పడమటి తీరంలో 1980ల నుంచి చూరు లేకుండా, గోడలో నీళ్ళు బయటపడే దారి లేకుండా అపార్టుమెంట్లు కట్టారు. లోపల చెక్క కుళ్ళింది, వేల కుటుంబాల సొమ్ము గోడల మరమ్మతులకు పోయింది, 1998లో ప్రభుత్వం విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. చూరు లేని గోడలే ఎక్కువగా చెడ్డాయని అక్కడి సర్వేలో తేలింది. మన దగ్గర కొత్త ఎలివేషన్ల మోజులో సజ్జలు పోయి, నున్నటి పెట్టెల్లాంటి ఇళ్ళు లేస్తున్నాయి. మిర్యాలగూడలో అయినా జడ్చర్లలో అయినా అదే తీరు. జూన్, జూలైలో పడమటి గాలితో ఏటవాలుగా కొట్టే వాన ముందు పడమటి గోడకు ఏ అడ్డూ లేదు.

డంగు సున్నం ముచ్చట

మట్టి మిద్దెకూ స్లాబుకూ మధ్య ఒక కాలం ఉంది. సంస్థానాల గడీలు, కోటలు, పాత బడులు ఆ కాలానివి. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ తెరిచారు. సివిల్ డిప్లొమా కుర్రాళ్ళు సిమెంటు పాఠాలు చదివింది సున్నపు కట్టడం కింద. ఆ గడీల రోజుల్లో ఎడ్ల గానుగలో డంగు సున్నం తిప్పేవారు, కప్పు మీద ఇటుక ముక్కల సున్నం కాంక్రీటు పరిచి రోజుల తరబడి కర్రలతో కొట్టేవారు. కొట్టే కొద్దీ సందులు అణిగేవి. ఆ కొట్టుడు ఇప్పటికీ భారతీయ ప్రమాణం ఐఎస్ 3036లో రాసి ఉంది. రాసి ఉంది అంతే.

ఈ కాలంలో సున్నం పని పెద్దఎత్తున జరిగిన చోటు యాదగిరిగుట్ట. కృష్ణశిలతో కట్టిన గుడిలో సిమెంటు బదులు కరక్కాయ, బెల్లం, కలబంద, జనపనార కలిపిన డంగు సున్నం వాడారు. 2022 మార్చి 28న గుడి తిరిగి తెరుచుకుంది. ఆరు వారాలు గడవకముందే, మే మొదట్లో పడ్డ ఒక్క పెద్ద వానకు క్యూ కాంప్లెక్సులోకి నీళ్ళొచ్చాయి, కొత్త ఘాట్ రోడ్డు దెబ్బతింది. రాయి మంచిదైతే చాలదు, సున్నం మంచిదైతే చాలదు. కొండ మీద పడ్డ నీళ్ళు ఎటు పోవాలో ఎవరో ముందే కాగితం మీద గీసి, నీళ్ళు వదిలి చూసి ఉండాలి.

స్లాబు వేశాం, ఇక బాధ లేదు?

ఈ నమ్మకంతోనే చౌడు బండి ఆగిపోయింది. స్లాబు వర్షాన్ని ఆపదు, చక్కగా పోసిన స్లాబు మాత్రమే ఆపుతుంది. తేడా అంతా కలిపే నీళ్ళలో ఉంది. ఇళ్ళకు వాడే ఎం20 కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్ల నీళ్ళు మించకూడదని ఐఎస్ 456 చెబుతోంది. పని జరిగేచోట బస్తాకు ఎన్ని బకెట్లు పడుతున్నాయో నిలబడి చూడండి. "జర జారుగుండాలె సార్, లేకుంటే పారదు" అంటాడు మేస్త్రీ. ఎక్కువైన నీళ్ళు తర్వాత ఆవిరైపోతాయి, అవి ఉన్న చోటల్లా కంటికి ఆనని గొట్టాలు మిగులుతాయి. ఆ గొట్టాల్లోంచే వాన దిగుతుంది.

కలిపే నీళ్ళ నాణ్యత కూడా చూడాలి. నల్లగొండ అనగానే ఫ్లోరైడు గుర్తొస్తుంది. కాంక్రీటుకు ప్రమాణం పరిమితి పెట్టింది ఫ్లోరైడుకు కాదు, క్లోరైడుకు. ఇనుము వేసిన కాంక్రీటు అయితే లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పు బోరు నీళ్ళు వాడితే లోపలి చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కింద పెచ్చులూడతాయి.

ఇక ఎండ. మే నెల మధ్యాహ్నం స్లాబు పైభాగం 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. దాని మీద హఠాత్తుగా వడగండ్ల వాన పడి 30 డిగ్రీలకు దిగిందనుకోండి. 30 అడుగుల పొడవున్న స్లాబు ఆ కాసేపట్లో దాదాపు మూడు మిల్లీమీటర్లు కుంచించుకోవాలని చూస్తుంది. పైనున్న ఇటుక పిట్టగోడ అంతే కుంచించుకోదు. ఆ రెండూ కలిసే గీతలోనే సన్నటి పగులు పడుతుంది. పోస్తూనే ఆ మూలను కాంక్రీటుతో గుండ్రంగా తీర్చి, నీళ్ళు దిగని పూతను గోడ మీదికి జానెడు ఎక్కిస్తే ఆ పగులు మీద నీళ్ళు నిలవవు. వందకు ఒక పాలు వాలైనా లేకుండా స్లాబును అద్దంలా చదును చేసి మురిసిపోయేవాళ్ళు, ఆ మూలలో నిలిచిన నీళ్ళను ఏడాదంతా మోస్తారు.

కారిన చోటే కన్నం ఉందనుకుంటే పప్పులో కాలేసినట్టే. నీళ్ళు స్లాబులో ఒకచోట దిగి, కరెంటు పైపు దొరికితే దాన్ని పట్టుకుని పది అడుగులు నడిచి, ఫ్యాను హుక్కు దగ్గర చుక్కగా రాలతాయి. మేస్త్రీ వచ్చి ఫ్యాను పైన స్లాబు మీద "జరంత సిమెంటు పాలు పోస్తే బందైతది" అంటాడు. బందు కాదు. వచ్చే జూన్‌కు మళ్ళీ పిలుస్తారు.

నీళ్ళు పెట్టి చూడటం

స్లాబు పోసిన మర్నాడు తాపీవాళ్ళు మట్టితో మడులు కట్టి నీళ్ళు నిలబెడతారు. అది కాంక్రీటు గట్టిపడటానికి చేసే పని. మన ఎండలకు కనీసం పది రోజులు ఆగకుండా చేయాలి. నేను చెప్పేది దాని తర్వాతిది.

వాలు తీర్చి, పైన ఏ పూత అనుకున్నారో అది పూసి, బాగా ఆరనిచ్చాక, టైల్సు అతికించక ముందు ఈ పని చేయాలి. తూము గొట్టాలకు గుడ్డ కుక్కి ఇసుక మూట పెట్టండి. మెట్ల గది గుమ్మానికి ఇటుక వరస అడ్డం పెట్టండి. పల్లపు చోట రెండంగుళాలు మించకుండా నీళ్ళు నింపండి. 500 చదరపు అడుగుల కప్పుకు మహా అయితే 2,300 లీటర్ల పైచిలుకు, అంటే సగం ట్యాంకరు. బరువు గురించి బెంగ వద్దు, చదరపు మీటరుకు 50 కిలోలే అవుతుంది. మనుషులు తిరిగే కప్పును అంతకు మూడు రెట్ల బరువుకు లెక్కగట్టి వేస్తారు. నీటిమట్టం దగ్గర పిట్టగోడ మీద సుద్దముక్కతో గీత గీయండి. పక్కనే వెడల్పాటి బేసిన్‌లో కూడా నీళ్ళు పోసి దానికీ గీత పెట్టండి. ఈ బేసిన్ ఎందుకంటే, వేసవిలో రోజుకు సెంటీమీటరు దాకా నీళ్ళు గాలిలోకే పోతాయి. బేసిన్‌లో ఎంత తగ్గిందో కప్పు మీదా అంతే తగ్గితే అది ఎండ పని. అంతకన్నా ఎక్కువ తగ్గితే నీళ్ళు కిందికి దిగుతున్నాయి.

రెండు రోజులు ఆగాలి. అమెరికా ప్రమాణంలో 24 నుంచి 72 గంటలు. ఈలోపు కింద గదుల్లో టార్చిలైటుతో కప్పంతా చూడండి: ఫ్యాను హుక్కులు, లైటు పాయింట్లు, దూలం పక్కలు, గోడ పైమూలలు. తడి కనిపిస్తే దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి టైము రాయండి. మర్నాడు గీత దాటి తడి పాకిందంటే లెక్క తేలిపోయినట్టే. కన్నం పైన ఎక్కడుందో తెలియాలంటే నీళ్ళు తోడేసి, కప్పును ఇటుక వరసలతో నాలుగైదు మడులుగా విడగొట్టి, ఒక్కో మడిలో విడిగా నీళ్ళు పెట్టాలి. ఏ మడి నిండినప్పుడు కింద చుక్క పడిందో ఆ మడిలోనే కన్నం. ఆ తోడేసిన నీళ్ళు చెట్లకో ఇంకుడుగుంతకో పోనివ్వండి. నీటికరువు ఊళ్ళలో సగం ట్యాంకరు వృథా చేయమంటారా అని అడిగేవాళ్ళుంటారు, న్యాయమైన ప్రశ్నే, అందుకే ఈ మాట.

గోడలకూ కిటికీలకూ పరీక్ష సులువు. పైపుతో నీళ్ళు కొట్టడమే. ఒక్కటే నియమం: కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళాలి. పైన మొదలుపెడితే కారే నీళ్ళన్నీ కింది సందుల్లోకీ పోతాయి, ఏది కారిందో తేలదు. కిటికీ చట్రం అడుగు అంచు, తర్వాత పక్కలు, ఆఖరున పైభాగం. అడుగు దూరం నుంచి, అయిదడుగుల అతుకుకు అయిదు నిమిషాల చొప్పున. లోపల ఒకరు కాగితం రుమాలుతో తుడుస్తూ నిలబడాలి.

పెద్ద మేడల అద్దాల గోడలకు ప్రయోగశాలల్లో నిజంగానే తుపాను సృష్టిస్తారు. గోడలో రెండంతస్తుల మేర నమూనా కట్టి, విమానపు ప్రొపెల్లర్‌తో గాలి కొట్టిస్తూ, నిమిషానికి చదరపు మీటరుకు 3.4 లీటర్ల చొప్పున 15 నిమిషాలు చల్లుతారు. గంటకు 20 సెంటీమీటర్ల వానతో సమానం. చుక్క లోపలికి వస్తే విప్పి మళ్ళీ కట్టాల్సిందే. హైదరాబాదులో అలాంటి గోడలు బిగించిన కూలీ తన సొంత ఇంటి కప్పుకు ఒక్క బకెట్టు నీళ్ళ పరీక్షయినా చేయించుకోలేడు. నాకు మింగుడుపడని సంగతి ఇదే.

ఇటుకలకు మాత్రం ఎవరైనా చేయగల పరీక్ష ఉంది. పొడి ఇటుకను తూచి, 24 గంటలు నీళ్ళలో ముంచి, తుడిచి మళ్ళీ తూచండి. మూడు కిలోల ఇటుక 600 గ్రాములకన్నా ఎక్కువ నీళ్ళు తాగితే, అంటే తన బరువులో 20 శాతం దాటితే, ఆ లోడు వెనక్కి పంపవచ్చు. కట్టేసిన గోడకైతే ఒక చిన్న గాజు గొట్టం అతికించి, అందులో నీళ్ళు పోసి ఎంత వేగంగా తగ్గుతుందో చూస్తారు. పన్నెండు సెంటీమీటర్ల నీటిమట్టం గోడ మీద వేసే ఒత్తిడి గంటకు 150 కిలోమీటర్లు దాటిన గాలితో సమానం. ఖరీదైన యంత్రమేమీ కాదది.

చివరి లక్ష దగ్గర

ఇప్పుడీ ముచ్చట ఎందుకంటే, ఉమ్మడి పాలమూరు, నల్లగొండ ఊళ్ళలో వేల కప్పులు పడుతున్నాయి. 2025 ఫిబ్రవరి 21న నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇందిరమ్మ ఇళ్ళకు శంకుస్థాపన చేశారు. అప్పటి లెక్కలో ఇంటికి 5 లక్షలు, నాలుగు విడతల్లో. పునాది అయ్యాక లక్ష, గోడలు లేచాక లక్షా పాతిక వేలు, స్లాబు పడ్డాక లక్షా డెబ్బై అయిదు వేలు, పూర్తయ్యాక లక్ష. అన్ని విడతల్లోకీ పెద్దది స్లాబుదే. ప్రతి మెట్టుకూ ఫొటో తీస్తారు. ఫొటోలో స్లాబు కనిపిస్తుంది, కురుస్తుందో లేదో కనిపించదు.

ప్రభుత్వానికి నా విన్నపం చిన్నది. ఆ చివరి లక్షకు ముందు ఇంకో ఫొటో అడగండి. కప్పు మీద రెండంగుళాల నీళ్ళు, పిట్టగోడ మీద సుద్ద గీత, 48 గంటల తర్వాత కింద పొడిగా ఉన్న సీలింగు. దీనికి పెద్ద ఇంజనీరు అక్కర్లేదు, సగం ట్యాంకరు ఖర్చు పథకంలో ఎక్కడైనా సర్దవచ్చు. పంచాయతీ ట్యాంకరు ఊళ్ళోనే ఉంది.

సొంత డబ్బుతో కట్టుకునేవాళ్ళకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మేస్త్రీతో మాట్లాడుకునేటప్పుడే కాగితం మీద రాయించుకోండి: స్లాబుకు రెండు రోజుల నీటి పరీక్ష, కిటికీలకు పైపు పరీక్ష, ఈ రెండూ అయ్యాకే ఆఖరి బిల్లు. వేసవిలోనే పెట్టుకోండి. జూన్ వచ్చాక వాన పరీక్ష చేస్తుంది కానీ, అప్పటికి మేస్త్రీ డబ్బంతా తీసుకుని ఇంకో ఊళ్ళో సెంట్రింగు కొడుతుంటాడు.